నాటిన మొక్కలు పైకి తేలుతున్నాయి, లోతుగా నాటితే కుళ్ళుతున్నాయి: చేపలున్న అక్వేరియంలో మొక్కలు వేరూనాలంటే?

మీరు అడిగింది ఇది: రెండడుగుల మంచినీళ్ళ ట్యాంకు, అడుగున మూడు సెంటీమీటర్ల గ్రావెల్. వాలిస్నేరియా, అమెజాన్ స్వోర్డ్, అనూబియాస్, కబోంబా నాటారు. రెండో రోజుకే సగం పైకి తేలాయి. ఈసారి ఊడకూడదని లోతుగా గుచ్చితే స్వోర్డ్, అనూబియాస్ మొదళ్ళు మెత్తబడి కుళ్ళాయి. చేపల్లో రెండు గోల్డ్‌ఫిష్, కొన్ని గప్పీలు, నాలుగు కోరీలు (అడుగున తిరిగే చిన్న క్యాట్‌ఫిష్‌లు) ఉన్నాయి. తప్పు గ్రావెల్‌దా, చేపలదా, మొక్కలదా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్పాలంటే, మొక్కను అడుగున పట్టి ఉంచేది నాటిన లోతు కాదు, నాటిన తర్వాత పుట్టే కొత్త వేళ్ళు. అవి రావడానికి మొక్కను బట్టి వారం నుంచి నాలుగు వారాలు పడుతుంది. అన్నాళ్ళూ మొక్క కదలకుండా పట్టుకునే పని మనదే. అందుకు గ్రావెల్ సగటున ఆరు సెంటీమీటర్లకు పెంచండి. అనూబియాస్‌ను గ్రావెల్లోంచి తీసి రాయికో చెక్కకో కట్టండి. స్వోర్డ్, వాలిస్నేరియాల మొదలు బయటికి కనిపించేలా మళ్ళీ నాటి, చుట్టూ పెద్ద రాళ్ళు పేర్చండి. కబోంబాను ఒక్కో కాడగా విడదీసి నాటండి. గోల్డ్‌ఫిష్ ఆ ట్యాంకులో ఉన్నంతకాలం ఈ పనులన్నీ రెట్టింపు జాగ్రత్తతో చేయాలి. వాటిని వేరే పెద్ద ట్యాంకుకు మార్చగలిగితే సమస్యలో సగం అక్కడే తీరుతుంది.

ఇక వివరంగా.

అసలెందుకు తేలుతాయి

నీటిమొక్కల కాడల్లో, ఆకుల్లో గాలి నిండిన సన్నని గొట్టాలుంటాయి. ఆకులు తయారుచేసే ఆక్సిజన్‌ను గాలి ఆడని అడుగుపొరలో ఉన్న వేళ్ళకు చేరవేసేది అవే. ఆ గాలి వల్ల మొక్క మొత్తంగా నీటికంటే తేలికగా ఉంటుంది, ఎప్పుడూ పైకే లాగుతుంటుంది. లైటు బాగా పడే వేళ ఆకుల్లో ఆక్సిజన్ పెరిగి ఆ లాగుడు ఇంకాస్త ఎక్కువవుతుంది. నాటిన సాయంత్రం బాగానే ఉన్న మొక్క మర్నాడు లైటు వేసిన కాసేపటికి పైకి రావడం అందుకే చూస్తుంటాం. ఆ సమయంలో చేప తోక తగిలినా, ఫిల్టర్ నీరు నేరుగా తాకినా చాలు.

దీనికి తోడు, అమ్మకానికి వచ్చే మొక్కల్లో చాలావాటిని నర్సరీల్లో ఆకులు నీటిపైన ఉండేలా పెంచుతారు. వాటిని నీటిలో ముంచితే పాత ఆకుల్లో చాలాభాగం, పాత వేళ్ళలో కొంతభాగం చచ్చిపోయి, నీటికి తగినవి కొత్తగా పుడతాయి. అంటే మీరు నాటేటప్పుడు ఉన్న వేళ్ళ గుత్తి మీద పెద్దగా ఆశ పెట్టుకోనక్కర్లేదు. కాపాడుకోవలసింది వేళ్ళు పుట్టే చోటు, అంటే మొదలు. లోతుగా పాతినప్పుడు కుళ్ళింది కూడా సరిగ్గా అదే.

అడుగుపొర

మూడు సెంటీమీటర్లు దేనికీ చాలదు. ముందువైపు 4–5, వెనకవైపు 7–8 సెంటీమీటర్లు ఉండేలా వాలుగా వేయండి. స్వోర్డ్ లాంటి పెద్ద మొక్క వచ్చే చోట 8 తప్పనిసరి. 60×30 సెంటీమీటర్ల అడుగున్న ట్యాంకుకు సగటున 6 సెంటీమీటర్లు వేయాలంటే సుమారు 11 లీటర్ల గ్రావెల్, అంటే 16–17 కిలోలు కావాలి. స్టాండు ఆ బరువు మోయగలదో లేదో ముందే చూసుకోండి.

గింజ పరిమాణం 2–3 మిల్లీమీటర్లు బాగుంటుంది. 8–10 మిల్లీమీటర్ల రంగురాళ్ళలో వేళ్ళకు పట్టు దొరకదు, పైగా సందుల్లోకి మేత జారి కుళ్ళుతుంది. మరీ పిండిలాంటి ఇసుక ఐతే గట్టిపడిపోతుంది. దాన్నే వాడదలిస్తే 4–5 సెంటీమీటర్లకు మించనివ్వకండి, మొక్కలు లేని చోట వారానికోసారి సన్నని పుల్లతో గుచ్చుతూ ఉండండి. అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు గింజ ఉన్న ఇసుకలో ఈ బెడద తక్కువ. మొక్క నాటగానే చుట్టూ సర్దుకుని బాగా పట్టేస్తుంది కూడా. కోరీల మీసాలకూ అది హాయి.

కొత్త గ్రావెల్‌ను బకెట్‌లో వేసి నీరు తేటగా వచ్చేదాకా కడగండి. గుప్పెడు తీసి వెనిగర్ చుక్కలు వేయండి. నురగ వస్తే అందులో సున్నపురాయి ఉన్నట్టు, అది నీటి కాఠిన్యాన్ని పెంచుతూనే ఉంటుంది. వాలిస్నేరియాకు అది ఇబ్బంది కాదు, మెత్తటి నీరు కోరే మొక్కలకు ఇబ్బందే.

గ్రావెల్‌కు బదులు కాల్చిన మట్టి ఉండల్లాంటి ఆక్వాసాయిల్ వాడమని చాలామంది చెబుతారు. పోషకాల విషయంలో అది నిజంగా మంచిది. కానీ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, అది తేలిక. అందులో నాటిన మొక్క గ్రావెల్లో కంటే సులభంగా ఊడుతుంది. రెండు, ఎక్కువ రకాలు మొదటి కొన్ని వారాలు నీటిలోకి చేపలకు విషమైన అమోనియా వదులుతాయి. నీటి పరీక్షలో అమోనియా, దాని నుంచి పుట్టే నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా అందులో చేపలు వేయకూడదు. ఇప్పటికే చేపలున్న ట్యాంకులో దాన్ని మధ్యలో పోయడం ప్రమాదం. మీ పరిస్థితిలో గ్రావెలే ఉంచి వేళ్ళ దగ్గర రూట్ ట్యాబ్‌లు (గ్రావెల్లో పాతే ఎరువు బిళ్ళలు) పెట్టడం మేలు.

తోటమట్టి కింద వేసి పైన గ్రావెల్ కప్పే పద్ధతి కూడా ఉంది. తవ్వే చేపలుంటే దాని జోలికి పోవద్దు. కప్పు ఒకచోట చెదిరిందంటే ట్యాంకంతా బురదే.

ఒక్కో రకం మొక్కకు ఒక్కో పట్టు

అన్నిటినీ ఒకేలా గుచ్చడం దగ్గరే చాలా ట్యాంకులు దెబ్బతింటాయి. చేతిలో ఉన్న మొక్క ఏ జాతో తెలియకపోయినా ఫర్వాలేదు, దాని ఆకారం చూస్తే చాలు.

మొదలు నుంచి ఆకులన్నీ గుత్తిగా వచ్చేవి: వాలిస్నేరియా, స్వోర్డ్, క్రిప్టోకొరైన్, సాజిటేరియా. వీటిలో ఆకులు, వేళ్ళు కలిసే చోట తెల్లటి పట్టీలా ఒక గీత కనిపిస్తుంది. ఆ గీత గ్రావెల్ ఉపరితలంతో సమానంగానో, రెండు మూడు మిల్లీమీటర్లు పైకో ఉండాలి. గ్రావెల్ కిందికి పోతే మధ్యలోంచి వచ్చే లేత ఆకుకు దారి ఉండదు, చుట్టూ నీటి కదలిక ఆగిపోయి మొదలు మెత్తబడుతుంది.

నాటే విధానం ఇలా. కుండీతో వచ్చిన మొక్కైతే ప్లాస్టిక్ కుండీ తీసేసి, వేళ్ళ చుట్టూ ఉన్న దూదిలాంటి రాక్‌వూల్‌ను రెండు ముక్కలుగా చీల్చండి. నీళ్ళ గిన్నెలో ముంచి ట్వీజర్స్‌తో కొంచెం కొంచెంగా లాగేయండి. రాక్‌వూల్‌తో సహా పాతితే అది గ్రావెల్లో ఒక వదులైన ముద్దలా ఉండిపోతుంది, మొక్కకు పట్టు రాదు. తర్వాత గోధుమరంగుకు తిరిగి మెత్తబడ్డ వేళ్ళన్నీ తీసేసి, మంచివాటిని 3–5 సెంటీమీటర్లకు కత్తిరించండి. వేళ్ళు కత్తిరించాలంటే మనసొప్పదు, నిజమే. కానీ పొడవాటి వేళ్ళను గుంటలోకి కుక్కితే అవి పైకి మడతపడి, స్ప్రింగులా మొక్కను బయటికి నెడతాయి. పొట్టిగా కత్తిరించినవి నిటారుగా దిగుతాయి, కత్తిరింపు తర్వాత మొదలు దగ్గర కొత్త వేళ్ళు కూడా చురుగ్గా వస్తాయి.

25–30 సెంటీమీటర్ల పొడవున్న ట్వీజర్స్‌తో వేళ్ళ కొనల్ని పట్టుకోండి, మొదలును కాదు. గ్రావెల్లోకి కొంచెం ఏటవాలుగా, కావలసినదానికంటే ఒక సెంటీమీటరు ఎక్కువ లోతుకు దించండి. ట్వీజర్స్ కొద్దిగా తెరిచి, అటూ ఇటూ సన్నగా ఆడిస్తూ బయటికి తీయండి. ఆ కదలికకు గింజలు వేళ్ళ మధ్యకు జారి సర్దుకుంటాయి. ఇప్పుడు మొక్కను ఆకుల మొదట్లో పట్టుకుని తెల్లటి గీత కనిపించేదాకా నెమ్మదిగా పైకి లాగండి. ఈ చివరి లాగుడుకు వేళ్ళు కిందికి సాగి నిటారుగా నిలుస్తాయి. ఇదొక్కటి సరిగ్గా వస్తే ఊడిపోవడం చాలావరకు తగ్గుతుంది.

వాలిస్నేరియాను గుత్తిగా నాటకండి. ఒక్కొక్కటి విడిగా, 4–5 సెంటీమీటర్ల ఎడంతో నాటాలి.

కాడ మొక్కలు: కబోంబా, రోటాలా, హైగ్రోఫిలా, బకోపా, లడ్విజియా. ఇవి సాధారణంగా సీసపు పట్టీతోనో రబ్బర్‌బ్యాండుతోనో కట్టిన గుత్తిగా వస్తాయి. కట్టుతో సహా నాటితే నొక్కుకుపోయిన చోట కాడ నలిగి కుళ్ళుతుంది, పై భాగం తెగి తేలుతుంది. కట్టు విప్పండి. నలిగిన అడుగు భాగాన్ని ఒక కణుపు కింద కత్తెరతో తెగ్గొట్టి, 12–15 సెంటీమీటర్ల కాడలు చేసుకోండి. కింది రెండు మూడు కణుపుల ఆకులు తీసేయాలి, కానీ ఆకుకాడల మొండి కొసలు రెండు మూడు మిల్లీమీటర్లు వదిలేయండి. అవి గ్రావెల్లో ముళ్ళలా అడ్డుపడి కాడను పైకి రానివ్వవు. కనీసం రెండు కణుపులు గ్రావెల్ లోపల ఉండేలా 4–5 సెంటీమీటర్ల లోతుకు ఏటవాలుగా గుచ్చండి. కొత్త వేళ్ళు వచ్చేది ఆ కణుపుల దగ్గరే. కాడకూ కాడకూ 2–3 సెంటీమీటర్ల ఎడం ఉంచితే కింది ఆకులకూ వెలుతురు అందుతుంది.

వీటిని లోతుగా నాటినా ప్రమాదం లేదు, కుళ్ళడానికి మొదలంటూ ఉండదు. మీరు మిగతావాటికి వాడిన పద్ధతి పనికొచ్చేది వీటికి మాత్రమే. ఐతే కబోంబాకు వెలుతురు బాగా కావాలి, ఆకులు సున్నితం. గోల్డ్‌ఫిష్ ఉన్న ట్యాంకులో అది నిలబడుతుందని నేను మాట ఇవ్వలేను. బదులుగా హైగ్రోఫిలా పాలీస్పెర్మా పెట్టి చూడండి, త్వరగా వేరు పడుతుంది, కొరికినా మళ్ళీ చిగురిస్తుంది.

అడ్డంగా పాకే లావాటి కాండం ఉన్నవి: అనూబియాస్, జావా ఫెర్న్, బ్యూసెఫలాండ్రా. ఈ కాండాన్ని రైజోమ్ అంటారు. రైజోమ్‌ను ఎప్పుడూ పాతకూడదు. ప్రకృతిలో ఇవి వాగుల ఒడ్డున రాళ్ళను, చెక్కలను అంటిపెట్టుకుని పెరిగే మొక్కలు. వీటిని గ్రావెల్లో కప్పితే కొద్ది వారాల్లో రైజోమ్ మెత్తబడి ఆకులు ఒక్కొక్కటే ఊడిపోతాయి. మీ అనూబియాస్‌కు జరిగింది ఇదే.

సులువైన మార్గం జెల్ రూపంలో ఉండే సూపర్‌గ్లూ. అందులో ఉండేది సైనోఅక్రిలేట్ అని ప్యాక్ మీద చూసుకోండి. అది గట్టిపడ్డాక నీటిలో చేపలకు హాని చేయదు. రాయిని, వేళ్ళను గుడ్డతో అద్ది తడి తగ్గించండి. రాయి మీద రెండు మూడు చోట్ల చిన్న చుక్కలు పెట్టి, వేళ్ళను, రైజోమ్ అడుగుభాగాన్ని అర నిమిషం నొక్కి పట్టుకోండి. రైజోమ్ చుట్టూ పూయకండి, కొస చిగురుకు అసలే తగలనివ్వకండి. నీటిలో పెట్టాక జిగురు తెల్లగా కనిపిస్తుంది, కొన్నాళ్ళకు దాని మీద పాచి పట్టి కలిసిపోతుంది. దారంతో కట్టదలిస్తే సన్నని నైలాన్ దారం వాడండి. నూలుదారం అనూబియాస్ రాయిని పట్టుకునేలోపే పుచ్చిపోవచ్చు. ఆ మొక్క నెమ్మది, గట్టిగా అంటుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

కుళ్ళిన అనూబియాస్‌ను పారేయకముందు రైజోమ్‌ను వేలితో నొక్కి చూడండి. గట్టిగా, కోస్తే లోపల పచ్చగానో తెల్లగానో ఉన్న ముక్క ఎంత చిన్నదైనా బతుకుతుంది. మెత్తబడిన భాగాన్ని శుభ్రమైన బ్లేడుతో పూర్తిగా కోసేసి, మంచి ముక్కను రాయికి అంటించండి. స్వోర్డ్ మొదలుకూ ఇదే పరీక్ష. నొక్కితే గోధుమరంగు నీరు కారి దుర్వాసన వస్తే మాత్రం వదిలేయండి, అలాంటిది ట్యాంకులో ఉంటే అమోనియా పెరుగుతుంది.

దుంపల నుంచి వచ్చేవి: అపోనోజెటాన్, టైగర్ లోటస్. దుంపలో సగం మాత్రమే గ్రావెల్లో ఉండాలి, చిగురు వచ్చే కొస పైకి. దుంప తేలుతుంటే తొందరపడి పాతేయకండి. కొన్ని రోజులు ట్యాంకులోనో గిన్నె నీటిలోనో ఉంచితే నానుతుంది, చిగురు ఎటు వస్తుందో కూడా తెలుస్తుంది.

హార్న్‌వర్ట్‌కు అసలు వేళ్ళే ఉండవు. దాన్ని గ్రావెల్లో గుచ్చితే గుచ్చిన భాగం కుళ్ళి మళ్ళీ పైకి వస్తుంది. తేలనివ్వండి, లేదా ఒక కొసను రాయికి కట్టండి.

చేపల మాట

మీ ట్యాంకులో దోషి కోరీలు కావు. అవి పైన ఒకటి రెండు సెంటీమీటర్లు మూతితో కదిపి మేత వెతుక్కుంటాయి. వేరు పడిన మొక్కను కదల్చలేవు. గడ్డిలా పరుచుకునే చిన్న మొక్కలను నాటిన కొత్తలో మాత్రం ఊడదీస్తాయి. గప్పీల వల్ల ఏ నష్టమూ లేదు. గోల్డ్‌ఫిష్ తీరు వేరు. అది గ్రావెల్‌ను నోట్లోకి తీసుకుని నమిలి ఉమ్మేస్తూ రోజంతా తవ్వుతుంది, లేత ఆకులు తింటుంది. పైగా అది చల్లటి నీటి చేప, బాగా పెద్దదవుతుంది. రెండడుగుల ట్యాంకు దానికి చాలదు, గప్పీలకు నప్పే వెచ్చదనం దానికి నప్పదు. మొక్కల కోసమే కాదు, ఆ చేప ఆరోగ్యం కోసం కూడా వేరుచేయమంటున్నాను.

గోల్డ్‌ఫిష్ కాకుండా మొక్కల్ని ఊడబీకేవి ఇంకా ఉన్నాయి. ఆస్కార్, కాన్విక్ట్ లాంటి సిక్లిడ్‌లు గుడ్లు పెట్టే రోజుల్లో గుంటలు తవ్వుతాయి. జియోఫేగస్ జాతులు జీవితాంతం ఇసుక జల్లెడ పడుతూనే ఉంటాయి. పెద్ద కామన్ ప్లెకో ఐతే దాని బరువుకే మొక్కలు ఒరిగిపోతాయి. సిల్వర్ డాలర్, టిన్‌ఫాయిల్ బార్బ్ మొక్కల్ని మేతగానే చూస్తాయి, వాటికి ఏ రక్షణా పనిచేయదు. చిన్న టెట్రాలు, రాస్బోరాలు, డానియోలు, గౌరామీలు, రొయ్యలు ఉన్న ట్యాంకులో బెంగ అక్కర్లేదు.

చేపలను వేరుచేయలేకపోతే ఈ మూడింటిలో ఏదో ఒకటి చేయండి.

మొదటిది రాళ్ళ కట్టు. మొక్క మొదలు చుట్టూ 3–5 సెంటీమీటర్ల నునుపు రాళ్ళు ఒకదానికొకటి ఆనేలా పేర్చండి. మొదలును మాత్రం తాకకూడదు, వేలెడు వెడల్పు ఖాళీ ఉండాలి. రాళ్ళ సైజు విషయంలో చేప నోటికంటే పెద్దవే వాడాలి. నోట్లో సరిగ్గా పట్టేంత గులకరాయి గోల్డ్‌ఫిష్ గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉంది.

రెండోది కుండీ. రంగు, మెరుపు పూత లేని 8–10 సెంటీమీటర్ల మట్టికుండీ తీసుకుని, అడుగు రంధ్రం మీద ముతక స్పాంజి ముక్క పెట్టండి. సగందాకా గ్రావెల్ వేసి, రెండు రూట్ ట్యాబ్‌లు పెట్టి, మొక్క నాటి, పైన రెండు సెంటీమీటర్ల మందాన పెద్ద రాళ్ళు కప్పండి. కుండీని గ్రావెల్లో సగం దించితే దొర్లదు, చూడ్డానికీ ఎబ్బెట్టుగా ఉండదు. స్వోర్డ్‌కు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. పెద్దదయ్యాక వేళ్ళు కుండీ నిండా అల్లుకుంటాయి, అప్పుడు పెద్ద కుండీకి మార్చాలి.

మూడోది వల. ఒక సెంటీమీటరు కన్నులున్న బిరుసు ప్లాస్టిక్ వలను అరచేయంత ముక్క కోసి, వాలిస్నేరియా వేళ్ళ కొనలను పైనుంచి కన్నుల్లో దూర్చి, నైలాన్ దారంతో వదులుగా ఒక ముడి వేయండి. ఆ వలను గ్రావెల్ కింద, మొక్కల మొదళ్ళు పైకి కనిపించేంత లోతున పరచండి. ఒక్క మొక్కను లాగినా వల మీదున్న గ్రావెల్ బరువంతా అడ్డుకుంటుంది. కొత్త ట్యాంకు పెట్టేటప్పుడైతే ఇది మంచి ఉపాయం, నిండుగా ఉన్న ట్యాంకులో చేయడం కష్టం.

నాటిన రోజు, ఆ తర్వాతి నెల

వీలైతే నీరు 10–12 సెంటీమీటర్లకు దించి నాటండి. నిండుగా ఉన్న నీటిలో చెయ్యి పెట్టి తీసే కదలికకే పక్క మొక్కలు ఊడతాయి. తీసిన నీటితో సహా చేపలను బకెట్‌లో ఉంచి, ఎయిర్ పంప్ రాయి వేయండి. ఫిల్టర్‌లోని స్పాంజిని కూడా ట్యాంకు నీటిలోనే తడిగా ఉంచాలి, ఎండితే అందులోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. బయటున్న మొక్కల ఆకుల మీద స్ప్రే చేస్తూ ఉండండి, కబోంబా ఆకులు నిమిషాల్లో వాడిపోతాయి. నాటడం అయ్యాక గ్రావెల్ మీద ఒక పళ్ళెం పెట్టి, నీటిని దాని మీదికి సన్నధారగా పోయండి. పైపుతో నేరుగా పోస్తే చేసిన పనంతా చెదిరిపోతుంది. పోసే నీరు ట్యాంకు నీటి ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉండాలి, కుళాయి నీరైతే క్లోరిన్ తీసేసినదై ఉండాలి.

ఫిల్టర్ ధార అద్దం వైపో నీటి పైభాగం వైపో తిప్పండి. గంటకు ట్యాంకు నీటికి నాలుగైదు రెట్లు తిరిగే ఫిల్టర్ చాలు. ఆకులు సన్నగా ఊగుతుంటే మంచిదే, ఒకవైపుకు వంగి ఉండిపోతుంటే ధార ఎక్కువైనట్టు.

లైటు మొదటి రెండు మూడు వారాలు రోజుకు ఆరు గంటలే. ఇంకా వేరూనని మొక్క ఎక్కువ వెలుతురును పూర్తిగా వాడుకోలేదు, వాడుకునేది నాచే. కొత్త ఆకులు కనిపించాక ఎనిమిది గంటలకు పెంచండి. పైన చెప్పిన మొక్కల్లో దేనికీ కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ అవసరం లేదు. అమరిస్తే పెరుగుదల వేగంగా ఉంటుంది, నిజమే. కానీ చేపలున్నప్పుడు లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటనివ్వకండి, లైటు ఆర్పడానికి గంట ముందే ఆపండి. చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తుంటే వెంటనే గ్యాస్ ఆపి ఎయిర్ పంప్ వేయాలి.

దానికి బదులుగా లిక్విడ్ కార్బన్ పేరుతో దొరికేవాటిలో చాలావరకు ఉండేది గ్లూటరాల్డిహైడ్. వాలిస్నేరియా ఉన్న ట్యాంకులో అది వేయకండి, ఆకులు కరిగిపోతాయి. హార్న్‌వర్ట్‌కూ పడదు.

రూట్ ట్యాబ్‌లు స్వోర్డ్, క్రిప్టోకొరైన్, వాలిస్నేరియాలకు బాగా పనికొస్తాయి. మొక్క మొదలుకు 5 సెంటీమీటర్ల దూరంలో, ట్యాంకు అడుగుకు తగిలేంత లోతున పెట్టాలి. ట్యాబ్‌కూ ట్యాబ్‌కూ 12–15 సెంటీమీటర్లు, రెండు మూడు నెలలకోసారి. పైపైన పెడితే కరిగి నీటిలో కలుస్తుంది, తర్వాతి వారం అద్దాలన్నీ పచ్చగా ఉంటాయి. మీరు గోల్డ్‌ఫిష్‌ను ఉంచితే అది ట్యాబ్‌ను తవ్వి తీస్తుంది, అందుకే కుండీ లోపల పెట్టమన్నాను. అనూబియాస్, జావా ఫెర్న్‌లకు ట్యాబ్‌లు పనికిరావు. వాటి ఆహారం నీటిలోంచే, కాబట్టి వాటికి ద్రవ ఎరువు.

ఇక ఓపిక కావలసిన చోటు. నాటిన వారం పది రోజుల్లో వాలిస్నేరియా ఆకులు తరచూ గాజులా పారదర్శకమై కరుగుతాయి. క్రిప్టోకొరైన్ ఒక్కోసారి మొత్తం ఆకులన్నీ వదిలేస్తుంది. చచ్చిందనుకుని పీకేస్తే అప్పుడే పుడుతున్న వేళ్ళు పోతాయి. కరిగిన ఆకులను మాత్రం కత్తెరతో మొదలుకు పైన కోసి తీసేయండి, లాగకండి. అడుగున మొదలు గట్టిగా ఉంటే నాలుగు నుంచి ఆరు వారాల్లో మళ్ళీ వస్తుంది.

కాడ మొక్కలకు 7–10 రోజుల్లో వేళ్ళు కనిపిస్తాయి. వాలిస్నేరియాకు రెండు మూడు వారాలు, స్వోర్డ్‌కు మూడు నాలుగు. పట్టిందో లేదో చూద్దామని మొక్కను లాగి చూసే అలవాటు వద్దు. ఆ పరీక్షకే లేత వేళ్ళు తెగుతాయి. మధ్యలోంచి కొత్త ఆకు, పాతవాటికంటే సన్నగానో లేతరంగులోనో వస్తోందంటే కింద వేళ్ళు పనిచేస్తున్నట్టే. అద్దానికి ఆనుకుని గ్రావెల్లో తెల్లటి వేళ్ళు కనిపిస్తే మరీ మంచిది. వాలిస్నేరియా అడుగున తీగ సాగించి పక్కన పిల్లమొక్క పెట్టిందంటే ఇక దాని గురించి ఆలోచించనక్కర్లేదు.

ఈ నెలలో ఏదైనా ఒకటి తేలితే అదేరోజు నాటండి. తేలిన మొక్క ఫిల్టర్ నోటి దగ్గర చేరి నలుగుతుంది.

శుభ్రం చేసేటప్పుడు

సైఫన్ గొట్టాన్ని గ్రావెల్లో గుచ్చి మట్టి లాగే అలవాటు మొక్కలున్న చోట మానేయాలి. మొదళ్ళ దగ్గర గొట్టాన్ని గ్రావెల్‌కు ఒకటి రెండు సెంటీమీటర్ల పైనే తిప్పుతూ పైన చేరిన చెత్త మాత్రం తీయండి. కింద మిగిలింది వేళ్ళకే ఎరువు. ఖాళీగా ఉన్న ముందుభాగంలో లోతుగా లాగినా ఫర్వాలేదు.

గ్రావెల్లో అక్కడక్కడ నల్లటి మచ్చలు, కదిపితే కుళ్ళిన గుడ్ల వాసనతో బుడగలు వస్తుంటే అక్కడ గాలి ఆడక హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతోంది. అలాంటి చోట వేళ్ళు నల్లబడి చస్తాయి. ఒకేసారి అంతా తవ్వేయకండి. పుల్లతో రోజుకు కొంచెం భాగం గుచ్చి, తర్వాత నీరు మార్చండి. మొక్కలు దట్టంగా వేరూనిన చోట ఈ సమస్య అరుదు, వేళ్ళే ఆక్సిజన్‌ను కిందికి పంపుతాయి.

చేపలకు జబ్బు చేసినప్పుడు ఉప్పు, రాగి కలిసిన మందులు ట్యాంకులో వేయకండి. చేపను వేరే తొట్టిలోకి మార్చి వైద్యం చేయడం మొక్కలకూ నత్తలకూ క్షేమం.

చివరిగా, బాగా వేరూనిన పెద్ద స్వోర్డ్‌ను ఎప్పుడైనా తీయవలసి వస్తే చేత్తో పట్టి పెరకకండి. దాని వేళ్ళు అప్పటికి ట్యాంకులో సగం దాకా పాకి ఉంటాయి. ఒక్కసారి లాగితే అడుగున నెలల తరబడి పేరుకున్న మట్టి, సగం కరిగిన ట్యాబ్‌లు అన్నీ పైకి లేస్తాయి, ఆ రాత్రికి అమోనియా పెరిగి చేపలు ఇబ్బంది పడతాయి. మొదలు చుట్టూ 6–7 సెంటీమీటర్ల దూరంలో పొడవాటి కత్తితో గుండ్రంగా గ్రావెల్ లోపలికి కోసి, తెగిన వేళ్ళను అక్కడే వదిలేసి, మొదలును నెమ్మదిగా కదుపుతూ పైకి తీయండి. పక్కన సైఫన్ గొట్టం పట్టుకుని లేచే మురికిని అప్పటికప్పుడే లాగేయండి. పని అవగానే సగం నీరు మార్చి, రెండు రోజులు అమోనియా పరీక్ష చేస్తూ ఉండండి.